రిటైర్మెంటు సావనీరులో "మీ ఇష్టాలు" అంటే నిజంగా ఇష్టమైనవి రాయాలా, గొప్పవి రాయాలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. చిన్న పంచాయితీ వచ్చింది, మీరే తీర్పు చెప్పాలి.

వచ్చే నెలాఖరుకి నాకు 62 నిండుతాయి, రిటైర్ అవుతున్నాను. మా ఆఫీసులో ఎవరు రిటైరైనా పదహారు పేజీల సావనీరు అచ్చేయించడం ఆనవాయితీ. మొదటి పేజీలో ఫొటో, రెండో పేజీలో "వారి ఇష్టాలు" అని ఒక బాక్సు. ఫారం తెచ్చిన కుర్రాడు టేబుల్ పక్కనే నిలబడి ఉంటే రెండు నిమిషాల్లో నింపి ఇచ్చేశాను.

సంగీతం: ఘంటసాల
సినిమా: మాయాబజార్
పుస్తకం: వేయిపడగలు
ఆదర్శం: సర్ ఆర్థర్ కాటన్

నిన్న ప్రూఫు ఇంటికి తెచ్చాను. మా అమ్మాయి చూసి "నాన్నా, ఇవి నీ ఇష్టాలా, తాతగారివా?" అంది. కసురుకున్నాను. అది ఊరుకునే రకం కాదు. స్టూలేసుకుని అల్మరా పైనుంచి వేయిపడగలు దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టింది. 140వ పేజీ దగ్గర ఒక బస్సు టికెట్టు ఉంది. రాజమండ్రి నుంచి అమలాపురం. అక్షరాలు కూడా వెలిసిపోయాయి. "దీని తర్వాత కథేమిటి నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కానీ నా వాదన నాకుంది. నలుగురి చేతుల్లోకి వెళ్ళే పుస్తకంలో మంచివని అందరూ ఒప్పుకున్న పేర్లు రాయడం అబద్ధం ఎలా అవుతుంది? పెళ్ళికి వెళ్తూ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాం. ఇంట్లో లుంగీ కట్టుకుంటాం కదా అని ఆ చొక్కా నాది కాకుండా పోతుందా?

మా అమ్మాయి మాట ఏంటంటే, అది "ఇష్టాలు" అన్న బాక్సు, "గొప్పవి" అన్న బాక్సు కాదు. ప్రూఫు సోమవారం తిరిగిచ్చేయాలి. చెప్పండి.

ఫిల్మ్‌రీలు:

సర్, ముందుగా రిటైర్మెంటు శుభాకాంక్షలు. సినిమా విషయంలో మీరు కంగారు పడక్కర్లేదు. 1957లో వచ్చిన సినిమాని ఇప్పటికీ టీవీలో వేస్తే కదలకుండా కూర్చుంటున్నామంటే అది ఒకరి ఇష్టం, ఇంకొకరి అయిష్టం అన్న స్థాయి దాటిపోయింది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు, మార్కస్ బార్ట్లీ కెమెరాతో సృష్టించిన ఆ వెన్నెల. లాహిరి పాటలో నీళ్ళ మీద పడే వెలుగు చూసి అదేదో నిజం పున్నమి రాత్రి తీశారనుకున్నాను చిన్నప్పుడు. 2013లో భారతీయ సినిమా వందేళ్ళ సందర్భంగా ఒక ఇంగ్లీషు న్యూస్ ఛానల్ పెట్టిన ఓటింగులో దేశం మొత్తం మీద మొదటి స్థానం దానిదే.

అయితే ఎవరైనా "నాకు మాయాబజార్ ప్రాణం" అనగానే నేనొక పరీక్ష పెడతాను. మీకూ పెడుతున్నా, ఏమనుకోకండి. ఆ సినిమాలో పాండవులు ఏ సీన్లో కనిపిస్తారు? గూగుల్ చూడకుండా చెప్పాలి.

మానేరు:

గోదారిగట్టు సార్, కోపం చేసుకోకుండ్రి. మీ లిస్టు చూస్తే నాకు గోదావరి జిల్లా ప్యాకేజీ లెక్క అనిపించింది. పూతరేకులు, ఆత్రేయపురం, కాటన్ దొర. ఇది మీ ఒక్కరి గురించి కాదు. తెలుగువాళ్ళ ఇష్టాలు అనగానే ఈ నాలుగు పేర్లే ఎందుకు వస్తయి? మా నాయిన సింగరేణిలో చేసిండు. ఆయన రిటైరైనప్పుడు ఇట్లాంటి బాక్సు ఇస్తే ఏం రాసేటోడు? ఆయన మాయాబజార్ చూసిండు, నవ్విండు, ఇంటికొచ్చిండు, అంతే. "బండెనక బండి కట్టి" పాట వస్తే మాత్రం తింటున్న కంచం పక్కన పెట్టేటోడు. మా భూమి సినిమాలో గద్దర్ పాడినంక లోకానికి తెలిసింది గానీ, అది అంతకు ముందే సాయుధ పోరాటం నాడు పుట్టిన పాట. కట్టింది బండి యాదగిరి. మా నాయనమ్మకు ఆ పాట వచ్చు, సినిమా సంగతి తెల్వది.

నేను చెప్పేది ఏందంటే, ఇష్టం అనేది నువ్వు నిలబడ్డ జాగా నుంచి వస్తది. మీ లిస్టుల మూడు వస్తువులు గుడివాడ, విజయవాడ, ధవళేశ్వరం చుట్టే తిరుగుతున్నయి. అది తప్పు కాదు. దాన్ని "అందరూ ఒప్పుకున్న గొప్ప" అనకుండ్రి.

ఇగ కాటన్. ఆయన కంపెనీ సర్కారు ఇంజనీరు. ఆనకట్ట కట్టింది శిస్తు పెరగాలని. ఆదర్శం అంటే కొమురం భీం అంటరు, చాకలి ఐలమ్మ అంటరు. జీతం తీసుకుని డ్యూటీ చేసినాయన ఆదర్శం ఎట్లయితడు?

గోదారిగట్టు:

ఫిల్మ్‌రీలు గారూ, పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించరు. వాళ్ళ గురించి చెప్పుకుంటారు, అంతే. పాస్ అయ్యానా?

మానేరు గారూ, కోపమేమీ లేదు. కానీ కాటన్ విషయంలో మాత్రం ఒప్పుకోను. జీతం తీసుకుని డ్యూటీ చేసినవాడు ఆదర్శం కాకూడదంటే నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు ఏ గోదాట్లో కలపాలి?

నాకు ఆయన పుస్తకంలోంచి రాలేదు. మా ముత్తాత వాళ్ళు డొక్కల కరువు గురించి చెప్పుకున్న మాటలు మా నాన్న నాకు చెప్పారు. 1832, 33 నాటి ఆ కరువులో మనుషులు డొక్కలెండి దారిలోనే పడిపోయారట, అందుకే ఆ పేరు. పక్కనే అంత గోదావరి పారుతుంటే. 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట లేపారు. ధవళేశ్వరం మీద నుంచి వెళ్ళేటప్పుడు మా నాన్న బస్సులోనే చెప్పులు విప్పి కూర్చునేవారు. స్నానం చేసేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలచుకునే సంస్కృత శ్లోకం ఇప్పటికీ మా వైపు పురోహితులు చెబుతారు. ఇంగ్లీషు దొరకి సంకల్పంలో చోటిచ్చిన ఊరు ఇంకెక్కడైనా ఉందా?

శిస్తు పెరిగిందా అంటే పెరిగింది, కాదనను. కానీ డబ్బంతా రైళ్ళ మీద కాదు, కాలువల మీద పెట్టండని సొంత ప్రభుత్వంతోనే జీవితాంతం తగువు పెట్టుకున్నాడు. డ్యూటీ చేసి ఇంటికెళ్ళే మనిషి ఆ తగువు పెట్టుకోడు.

అయినా ఇక్కడ ప్రశ్న కాటన్ మంచివాడా కాదా అన్నది కాదు. ఆయన నా ఇష్టమా, మా నాన్న ఇష్టమా అన్నది. నిజం చెప్పాలంటే చెప్పులు విప్పింది మా నాన్న. నేను ఎప్పుడూ విప్పలేదు.

సింహపురి పిన్ని:

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇవాళ రాయక తప్పేట్టు లేదు.

నాకు 68. నెల్లూరులో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకి పది పైసలు, లావు పుస్తకమైతే పావలా. అట్ట మీద బ్రౌన్ పేపరు, దాని మీద నెంబరు. ఆ షాపులో యద్దనపూడి సులోచనారాణి నవలలకి మాత్రం వెయిటింగు ఉండేది. "సెక్రటరీ" నా వంతు వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. వచ్చాక ఒక్క రాత్రిలో చదివేశాను, తెల్లారి ఇచ్చేయాలి కదా. నాకంటే ముందు చదివినామె ఎవరో రాజశేఖరం మాటలున్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టింది. ఆమె ఎవరో ఇప్పటికీ తెలీదు, కానీ ఆమె నా స్నేహితురాలే అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను స్కూల్లో తెలుగు టీచరుగా చేశాను. ముప్ఫై ఏళ్ళు. మీ ఇష్టమైన పుస్తకం ఏమిటి టీచర్ అని పిల్లలడిగితే ఒక్కసారి కూడా యద్దనపూడి పేరు చెప్పలేదు. మనుచరిత్ర అన్నాను, మహాప్రస్థానం అన్నాను. ఒక ఏడాది ఇన్‌స్పెక్షనుకి పెద్దాయన వస్తే వేయిపడగలు అని కూడా అన్నట్టున్నాను. అబద్ధాలు కావు, అవీ ఇష్టమే. కానీ నన్ను ఉద్యోగానికి పంపింది మనుచరిత్ర కాదు. జయంతి. ఎదుటివాడు ఎంత ఉన్నవాడైనా తన కాళ్ళ మీద తాను నిలబడాలనుకున్న ఆ అమ్మాయి. మా నాన్న డిగ్రీ మానిపించాలని చూసినప్పుడు నా బుర్రలో తిరిగింది ఆ అమ్మాయి మొండితనమే.

కాబట్టి గోదారిగట్టు గారూ, ఇస్త్రీ చొక్కా అన్నారే, అది బాగానే ఉంది. మగవాళ్ళకి ఇస్త్రీ చొక్కా అంటారు. మేం చదివిన పుస్తకాలకి "వంటింటి నవలలు" అని పేరుపెట్టి మమ్మల్ని వేరే చొక్కా తొడుక్కోమన్నారు. గొప్పవి రాయాలి అన్న నియమం ఎవరిని నోరు మూయిస్తుందో ఒకసారి చూసుకోండి.

రిపీట్ మోడ్:

పిన్నిగారూ, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మకి పంపాను.

నాకు 23, హైదరాబాద్. మా జనరేషన్‌కి ఈ టెన్షన్ లేదనుకున్నాను, ఎందుకంటే మాకు ఫోనే చెప్పేస్తుంది. ఏడాది చివర్లో మ్యూజిక్ యాప్ లెక్క తీసి ఇస్తుంది, ఏ పాట ఎన్నిసార్లు విన్నారు, ఎవరిని ఎక్కువ విన్నారు అని. అబద్ధం చెప్పే చాన్సే లేదు. అంకుల్ కూడా ఫోను చూసి ఎక్కువసార్లు విన్నది రాసేస్తే సరిపోతుంది కదా అని రాద్దామని వచ్చాను.

రాసే ముందు నాది ఒకసారి చూసుకున్నాను. పోయినేడాది నేను అందరికంటే ఎక్కువ విన్నది వాన చప్పుడు. మొదటి స్థానం. పరీక్షలప్పుడు నిద్రపట్టక రాత్రంతా పెట్టుకుని పడుకునేదాన్ని. రెండోది మా అక్క కొడుకు కోసం పెట్టిన రైమ్. నాకు నిజంగా ఇష్టమైన పాట, బస్సులో వస్తే ఇయర్‌ఫోన్ తీసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పాట, టాప్ ఫిఫ్టీలో కూడా లేదు. ఎందుకంటే దాన్ని ఎక్కువసార్లు వినను. అరిగిపోతుందని భయం.

సో లెక్కలు కూడా పనిచేయవు. సారీ అంకుల్, హెల్ప్ చేద్దామని వచ్చి కన్‌ఫ్యూజ్ చేశాను.

డాలస్ బాబాయ్:

మా అబ్బాయికి కూడా ఆ యాప్‌లో వాన చప్పుడే వచ్చింది. వీళ్ళందరికీ నిద్రే ఇష్టమైన సంగీతం.

నేను గోదారిగట్టు గారి పక్షం. తాతగారి ఇష్టాలు మనకి రావడం తప్పెలా అవుతుంది? మనకి మన పేరు కూడా తాతగారిదే పెడతారు కదా, అది నా పేరు కాదు అంటామా? ఇరవై ఏడేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చినప్పుడు రెండు సూట్‌కేసుల్లో నేను తెచ్చుకున్నవి ఆవకాయ, రెండు కాటన్ లుంగీలు, ఘంటసాల భగవద్గీత క్యాసెట్లు. శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో చెప్పే ఆ గొంతు ప్రతి ఆదివారం పొద్దున మా ఇంట్లో మోగాల్సిందే. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు. ఆ గొంతు మాత్రం తెలుసు. వాళ్ళ పిల్లలకీ తెలియాలి. నచ్చిందా లేదా అని ఒక్కొక్కరూ మొదటి నుంచి వెతుక్కుంటూ కూర్చుంటే ఏదీ మిగలదు.

వేయిపడగలు సంగతి కూడా. జ్ఞానపీఠం వచ్చిన నవలని సగం చదివినా గౌరవంగా పేరు చెప్పుకోవచ్చు. పి.వి.నరసింహారావు గారంతటి వారు హిందీలోకి అనువదించారు.

ఫిల్మ్‌రీలు:

బాబాయ్ గారూ, చిన్న సవరణ. 1970 జ్ఞానపీఠం విశ్వనాథ వారికి రామాయణ కల్పవృక్షానికి వచ్చింది, వేయిపడగలుకి కాదు. పి.వి. గారి "సహస్రఫణ్" మాట కరెక్టు.

చూశారా, గౌరవంగా పేరు చెప్పుకోవడంలో వచ్చే చిక్కు ఇదే.

మానేరు:

డాలస్ బాబాయ్, మీరు ఆదివారం పొద్దున ఘంటసాల భగవద్గీత పెడ్తరా? మా బస్తీల గనక పెడితే అందరూ బయటికొచ్చి "ఎవరు పోయిండ్రు?" అని అడుగుతరు. శవయాత్ర బండి మీద మైకుల అదే నడుస్తది. ఎన్నేండ్లయినా ఆ గొంతు వింటే నాకు అగరొత్తుల వాసన, ఎండల టెంటు యాదికొస్తయి. ఘంటసాల గొప్ప గాయకుడు కాదని ఎవరన్నరు. నేను మాత్రం ఇష్టంగ వినలేను.

డాలస్ బాబాయ్:

ఇండియాలో దాన్ని చావు పాట చేసేశారని విన్నప్పుడల్లా బాధేస్తుంది. గుడుల్లో, రేడియోలో పొద్దున్నే వినేవాళ్ళం. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు, చివరి రోజుల్లో ఒంట్లో బాగోకపోయినా పాడిన పాట అది. దాన్ని తీసుకెళ్ళి వ్యాను మీద పెట్టారు. పోనీ, బాలూ పాడినవి ఎవరైనా పెడుతున్నారా అలా?

రిపీట్ మోడ్:

ఓ అయిపోయింది. ఘంటసాలా బాలూ మొదలైంది.

ఫిల్మ్‌రీలు:

మొదలైంది కాబట్టి ఒక్కటి చెప్పి ఆపేస్తా. శంకరాభరణం పాటలు మొదట బాలమురళీకృష్ణ గారి చేత పాడించాలనుకున్నారు. బాలూకి శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్న చదువు లేదు. మహదేవన్ గారి అసిస్టెంటు పుహళేంది కూర్చోబెట్టి ముక్కముక్కా నేర్పించారు. ఆ పాటలకే బాలూకి జాతీయ అవార్డు. ఘంటసాల అలా కాదు, విజయనగరంలో వారాలు చేసుకుని, జోలె పట్టి మధూకరం ఎత్తుకుని సంగీతం చదువుకున్న మనిషి. ఎవరి దారి వారిది. ఈ గొడవకి వేరే చర్చ పెట్టుకుందాం, ఇక్కడ పెద్దాయన సోమవారం ప్రూఫు ఇచ్చేయాలి.

సింహపురి పిన్ని:

డాలస్ బాబాయ్ గారూ, పిల్లలకి అందించడం గురించి మీరన్నది నాకు నచ్చింది. కానీ ఒక్క ప్రశ్న. మీ పిల్లలు ఆ క్యాసెట్టు మీరు లేనప్పుడు పెట్టుకుంటారా?

డాలస్ బాబాయ్:

అమ్మా, ఈ ప్రశ్న మా ఆవిడ కూడా అడుగుతుంది. పెట్టుకోరు. మా అమ్మాయి ఒక్కసారి పెట్టుకుంది. నేను హాస్పిటల్లో నాలుగు రోజులున్నప్పుడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని పెట్టిందట. దాన్ని ఇష్టం అనాలో ఏమనాలో నాకు తెలీదు.

మానేరు:

బాబాయ్, అది ఇష్టమే. ఇంకేం గావాలె.

గోదారిగట్టు:

రాత్రంతా పడుకోలేదు, మీ అందరి పుణ్యమా అని. మా ఆవిడ "రిటైర్మెంటుకి ఇంత ఆలోచించేవాళ్ళని నిన్నే చూశాను" అంది. ఒక్కొక్కటీ విడివిడిగా పట్టుకుని చూశాను. నాలుగూ ఒకే రకం అబద్ధం కాదు, ఒకే రకం నిజమూ కాదు.

సినిమా: మాయాబజార్ ఉంచేస్తున్నాను. ఎందుకంటే కిందటి సంక్రాంతికి మా మనవడు, ఆరేళ్ళవాడు, నా పక్కన కూర్చుని చూశాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరివస్తుంటే వాడు నోరు తెరిచి తన నోట్లోకీ వస్తాయేమోనని ఎదురుచూశాడు. నేనూ చిన్నప్పుడు అలాగే చూసినట్టు గుర్తు. తర్వాత సావిత్రి మగవాడిలా మీసం దువ్వుకుంటున్నట్టు చేసే చోట వాడు నవ్వలేదు, నేను నవ్వాను. నా నవ్వు చూసి వాడు నవ్వాడు. మర్నాడు వాళ్ళమ్మ కొత్త మాట ఏదో అంటే "వేసుకో వీరతాడు" అన్నాడు. పరీక్ష పెట్టినా పెట్టకపోయినా ఈ సినిమా నాదే.

సంగీతం: ఇక్కడే చిక్కు. మానేరు గారు చెప్పిన వ్యాను సంగతి మా ఇంట్లోనూ జరిగింది. మా నాన్న పోయినప్పుడు ఎవరో భగవద్గీత పెట్టారు, పదకొండు రోజులు. అప్పటి నుంచి అది వినను, రేడియోలో వస్తే కట్టేస్తాను. ఘంటసాల అని రాసిన చేత్తోనే కట్టేస్తాను. కానీ స్నానం చేసేటప్పుడు నా నోట వచ్చేది పుష్పవిలాపం. కరుణశ్రీ పద్యాలు, ఘంటసాల రాగం. నాకు నేర్పింది రికార్డు కాదు, మా నాన్న. ఆయన గొంతు బాగుండేది కాదు, పై స్థాయి అందేది కాదు, అక్కడ ఆగి దగ్గేవారు. నేనూ సరిగ్గా అక్కడే దగ్గుతానట, మా ఆవిడ చెప్పింది. ఇష్టమెవరిదో నేను ఇంక తేల్చలేను. ఉంచేస్తాను.

ఆదర్శం: మానేరు గారూ, మీ మాట సగం పట్టింది. కాటన్ పేరు తీయను. కానీ ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న అని మనవాడు ఒకాయన ఉన్నాడు. మనుషుల్ని కూడగట్టి, ఎండలో నిలబడి పని చేయించిన ఇంజనీరు. మా శాఖలో పాతవాళ్ళు ఆయన పేరు చెప్పుకునేవారు. నా ఉద్యోగం మొత్తం కాటన్‌లా కాదు, వీరన్నలా గడిచింది. పైవాడు గీసిన గీతని కింద నేల మీద నిలబెట్టడం. ఇద్దరి పేర్లూ రాస్తాను.

పుస్తకం: ఇదొక్కటీ పచ్చి అబద్ధం. ఒప్పుకుంటున్నాను. ఇంటర్లో ఉండగా ఫిజిక్సు పుస్తకంలో పెట్టుకుని చదివింది మధుబాబు షాడో నవలలు. లెక్కలేనన్ని. మా నాన్నకి దొరికితే బెల్టు దెబ్బలే. ఇష్టమైన పుస్తకం అని గుండె మీద చెయ్యేసుకుంటే వచ్చేది అదే.

సింహపురి పిన్ని:

రాయండి మరి షాడో అని.

గోదారిగట్టు:

అమ్మా, మా ఎస్‌.ఈ. (సూపరింటెండింగ్ ఇంజనీరు) గారి చేతుల మీదుగా ఆవిష్కరణ.

సింహపురి పిన్ని:

నేను మాట్లాడేది సరిగ్గా దీని గురించే.

ఫిల్మ్‌రీలు:

ఇక్కడ నేను పిన్నిగారితో విభేదిస్తాను. పదహారేళ్ళప్పుడు ఊపిరి బిగబట్టి చదివినది, అరవై రెండేళ్ళ మనిషి ఇష్టం ఎలా అవుతుంది? సర్, ఇప్పుడు ఒక షాడో నవల ఇస్తే చదువుతారా? పది పేజీలు దాటుతారా? ఇష్టం అంటే మళ్ళీ తీసి చదవగలిగేది. మాయాబజార్‌ని మీరు అరవై దాటాక కూడా చూశారు, అందుకే అది మీది. షాడో ఆ వయసుది.

సింహపురి పిన్ని:

సెక్రటరీ నేను మళ్ళీ చదివాను, అరవై దాటాక. కొన్ని చోట్ల నవ్వొచ్చింది, కొన్ని చోట్ల చిరాకేసింది, రాజశేఖరం నాకు అప్పుడున్నంత గొప్పగా లేడు. జయంతి మాత్రం అలాగే ఉంది. మళ్ళీ చదివితే నచ్చకపోవడమంటే ఇష్టం అబద్ధమని కాదు బాబూ. మా వారితో నలభై ఏళ్ళు కాపురం చేశాను, రోజూ నచ్చారా?

రిపీట్ మోడ్:

పిన్నిగారికి వేసుకో వీరతాడు!

మానేరు:

సార్, నాదొక డౌటు. వేయిపడగలు బస్సు టికెట్టు దగ్గర ఎందుకు ఆపేసిండ్రు? అమలాపురంల ఏం జరిగింది?

గోదారిగట్టు:

ఇది ఎవరూ అడగలేదు. మా అమ్మాయి కూడా.

1991. మా నాన్న పుస్తకం అది, ఆయనే ఇచ్చారు, "ఇది చదవకుండా తెలుగువాడినని చెప్పుకోకు" అని. అమలాపురం పెళ్ళిచూపులకి వెళ్తూ బస్సులో చదువుతున్నాను. చదవడం అంటే, అమ్మాయి వాళ్ళ నాన్న బస్టాండుకి వస్తారని తెలిసి చేతిలో పుస్తకం కనబడాలని పట్టుకున్నాను. ఆయన వచ్చి మొదట చూసింది ఆ పుస్తకాన్నే. "ఓహో, విశ్వనాథా" అన్నారు. పెళ్ళయింది. అక్కడితో దాంతో నాకు పని అయిపోయింది.

మా ఆవిడ ఇది చదివి ఇప్పుడే గదిలోంచి ఒక మాట చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి. వాళ్ళ నాన్న కూడా వేయిపడగలు చదవలేదట.

డాలస్ బాబాయ్:

ఇంక ఆ పేరు తీయొద్దు సార్! నా మాట వినండి, అది ఉండాల్సిందే.

ఫిల్మ్‌రీలు:

తీయాలి అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కానీ, ఈ కథ విన్నాక నాకూ నోరు రావట్లేదు.

సింహపురి పిన్ని:

ఉంచితే ఈ కథతో కలిపి ఉంచండి. ఉత్త పేరుగా వద్దు.

గోదారిగట్టు:

సోమవారం అప్‌డేట్. ప్రూఫు తీసుకెళ్ళేసరికి ప్రెస్సువాడు "ఆ పేజీలు శనివారమే అచ్చేసేశాం సార్, మూడొందల కాపీలు" అన్నాడు. నా మొహం చూసి జాలిపడి, కావాలంటే చిన్న స్లిప్పు అచ్చేసి ఆ బాక్సు కింద అతికిస్తానన్నాడు. రెండు లైన్లే పడతాయట, లైనుకి ఐదారు మాటలు.

అక్కడే నిలబడి రాసిచ్చాను. ఆదర్శం మొదటి లైనులో సరిపోయింది. పుస్తకానికి ఒక్క లైనే మిగిలింది. అచ్చయిన స్లిప్పు ఇదిగో:

ఆదర్శం: కాటన్ దొరతో పాటు వీణెం వీరన్న.
పుస్తకం: 140 పేజీలే చదివాను. పెళ్ళయింది.

ఎస్‌.ఈ. గారు ఏమంటారో చూడాలి. షాడో గురించి మా అమ్మాయికి మాత్రం చెప్పేశాను. "ఏవి, ఉన్నాయా?" అని అడిగింది. ఒకటీ లేదు. అన్నీ అద్దెవే.